దేశం పేరు మారిపోయిన స్టాంపులకు ఆల్బమ్‌లో ఏం రాయాలి?

"నాన్నగారి ఆల్బమ్‌లో బర్మా అని ఉంది. దాన్ని కొట్టేసి మయన్మార్ అని రాయాలా?" "తూర్పు జర్మనీ ఇప్పుడు లేదు కదా, ఆ పేజీ తీసి జర్మనీలో కలిపేయొచ్చా?" "నిజాం స్టాంపుల్ని ఇండియాలో పెట్టాలా, వేరే పెట్టాలా?" స్టాంపులు సేకరించే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు నన్ను పదే పదే అడిగేవి ఈ మూడే. మూడింటికీ జవాబు ఒకటే. ఆ స్టాంపు ఏ సర్కారు పేరుతో వెలువడిందో ఆ పేరు పైన రాయండి. ఇప్పుడు ఆ నేల ఏ దేశంలో ఉందో కింద రాయండి. పై పేరు ఎప్పటికీ మారదు. కింది పేరు మారితే మార్చుకోవచ్చు.

వినడానికి తేలికే, కానీ పెట్టె తెరిచి కూర్చుంటే పది రకాల సందేహాలు వస్తాయి. వాటి కోసమే ఇది రాస్తున్నాను. నాణేలు, నోట్లు దాచుకునేవాళ్ళకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

కావలసినవి

- భూతద్దం. పదింతలు చూపించేది ఉంటే మంచిది.
- స్టాంపులు పట్టుకునే ట్వీజర్స్. కొన చదునుగా ఉండాలి. ఇంట్లో ముళ్ళు తీసుకునే పట్టకారు వద్దు, కాగితం చిరుగుతుంది.
- మెత్తటి పెన్సిల్, రబ్బరు. పెన్ను వద్దు.
- పోస్టుకార్డులో నాలుగో వంతు సైజులో కత్తిరించిన మందపాటి తెల్ల కాగితాలు. పేరు చీటీలు వీటి మీదే రాస్తాం.
- ఒక నోటుబుక్కు, లేదా కంప్యూటర్‌లో ఎక్సెల్ షీటు.
- రెండు ఖాళీ కవర్లు. ఒకదాని మీద "తేలనివి" అనీ, రెండోదాని మీద "అనుమానం" అనీ రాసి పెట్టుకోండి.

1. ముందు స్టాంపు మీద ఉన్న పేరు చదవండి

బొమ్మ చూసి దేశం ఊహించకండి, అక్షరాలు చూడండి. చాలా దేశాలు తమ భాషలోనే పేరు వేసుకుంటాయి. హెల్వెటియా అంటే స్విట్జర్లాండ్. మాగ్యార్ అని ఉంటే హంగరీ. సుఓమి ఫిన్లాండ్, స్వెరియె స్వీడన్, పోల్‌స్కా పోలండ్. ఏ పేరూ లేకుండా రాజో రాణో తల మాత్రమే ఉంటే అది బ్రిటన్ స్టాంపు అయ్యే అవకాశం ఎక్కువ. పేరు వేయని అలవాటు ఆ దేశానిదే.

అందరూ పొరబడేది సోవియట్ స్టాంపుల దగ్గర. వాటి మీద ఇంగ్లిష్ సీ అక్షరం మూడుసార్లు, తర్వాత పీ ఉన్నట్టు కనిపిస్తుంది. అవి రష్యన్ అక్షరాలు, "ఎస్ ఎస్ ఎస్ ఆర్" అని చదవాలి. చీటీ మీద "సోవియట్ యూనియన్" అని రాయండి, "రష్యా" అని వద్దు. ఉక్రెయిన్, జార్జియా, ఉజ్బెకిస్తాన్ అన్నీ అప్పుడు అందులోనే ఉన్నాయి.

2. ఏడాది తేల్చండి

కొన్నిటి మీద ఏడాది చిన్న అంకెలతో కింది అంచున ఉంటుంది, అది దొరికితే సగం పని అయినట్టే. లేకపోతే తపాలా ముద్ర చూడండి. కానీ జాగ్రత్త! ముద్ర మీద ఉన్నది స్టాంపు వాడిన తేదీ. విడుదలైన తేదీ దానికి ముందెప్పుడో ఉంటుంది.

మన దగ్గరి ఉదాహరణే తీసుకోండి. 1947 ఆగస్టు 15న స్వతంత్రం వచ్చింది. స్వతంత్ర భారతదేశపు మొదటి స్టాంపు, జెండా బొమ్మ, "జై హింద్" అక్షరాలతో ఉన్న మూడున్నర అణాలది, నవంబర్ 21న వచ్చింది. ఆ మధ్య మూడు నెలలు జనం ఆరో జార్జి రాజు స్టాంపులే అంటించి ఉత్తరాలు వేశారు, ఆ తర్వాత కూడా కొంతకాలం అవి నడిచాయి. కాబట్టి రాజు తల ఉన్న స్టాంపు మీద 1947 సెప్టెంబర్ ముద్ర ఉంటే "బ్రిటిష్ ఇండియా స్టాంపు, స్వతంత్రం వచ్చాక వాడినది" అని రాయాలి. ఇలాంటివి దొరికితే అదృష్టమే, మామూలు వాటిలో కలిపేయకండి.

రాజు బొమ్మ చూసి కూడా ఏడాది తేల్చేయకూడదు. ఐదో జార్జి 1936 జనవరిలో చనిపోయాడు. 1937 ఏప్రిల్ 1న ఇండియా నుంచి బర్మాను విడదీసినప్పుడు ఆయన బొమ్మ ఉన్న ఇండియా స్టాంపుల మీదే "బర్మా" అని అచ్చు వేసి అమ్మారు. బొమ్మలో ఉన్న రాజు అప్పటికి లేడు. జర్మనీలో కైజర్ (చక్రవర్తి) కాలంలో 1900లో మొదలైన "జెర్మానియా" బొమ్మ స్టాంపులు కైజర్ దిగిపోయాక కూడా 1922 దాకా వాడకంలో ఉన్నాయి.

డబ్బు లెక్క మాత్రం బాగా సాయం చేస్తుంది. ఇండియా స్టాంపు మీద అణాలుంటే 1957 ఏప్రిల్ 1కి ముందు మొదలైనది. నయా పైసలుంటే ఆ తర్వాతది. "నయా" లేకుండా పైసలు మాత్రమే ఉంటే 1964 తర్వాతది.

3. ఆ ఏడాదిలో పాలన ఎవరిదో చూడండి

ఎక్కువగా తగిలే దేశాలకు మార్పు తేదీలు ఇవి. నోటుబుక్కు మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

- ఇండియా: 1947 ఆగస్టు 14 దాకా బ్రిటిష్ ఇండియా. 1950 జనవరి 25 దాకా డొమినియన్ (స్వతంత్రం వచ్చినా బ్రిటన్ రాజే పేరుకు దేశాధినేత). 26 నుంచి రిపబ్లిక్.
- పాకిస్తాన్: 1947 నుంచి డొమినియన్, 1956 మార్చి 23 నుంచి ఇస్లామిక్ రిపబ్లిక్.
- బర్మా: 1937 మార్చి దాకా బ్రిటిష్ ఇండియాలో భాగం. తర్వాత విడి వలస. 1942 నుంచి 1945 దాకా జపాన్ ఆక్రమణ. 1948 జనవరి 4న స్వతంత్రం. 1989లో మయన్మార్ అని పేరు మార్పు.
- సిలోన్: 1948 ఫిబ్రవరి 4న స్వతంత్రం, 1972 మే 22 నుంచి శ్రీలంక.
- జర్మనీ: 1949లో రెండుగా విడిపోయింది, మే 23న పశ్చిమం, అక్టోబర్ 7న తూర్పు. 1990 అక్టోబర్ 3న ఒకటైంది.
- సోవియట్ యూనియన్: 1922 డిసెంబర్ 30 నుంచి 1991 డిసెంబర్ 26 దాకా.
- చెకోస్లోవేకియా: 1918 అక్టోబర్ 28న పుట్టింది, 1992 డిసెంబర్ 31తో ముగిసింది. నడుమ 1939 నుంచి 1945 దాకా బొహీమియా-మొరేవియాకు (జర్మనీ చేతిలో ఉన్న చెక్ ప్రాంతానికి), స్లోవేకియాకు విడివిడి స్టాంపులు.
- రొడీషియా: 1980 ఏప్రిల్ 18 నుంచి జింబాబ్వే.
- జైర్: 1971 నుంచి 1997 దాకా. దానికి ముందూ తర్వాతా కాంగోయే.

ఇండియా వాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది డొమినియన్ కాలాన్ని. 1949 ఆగస్టు 15న వచ్చిన పురాతన శిల్పాల వరుస స్టాంపులు రిపబ్లిక్ వచ్చాక కూడా వాడకంలో ఉన్నాయి, అయినా అవి మొదలైంది డొమినియన్‌లోనే. "స్వతంత్ర భారత్" అని ఒకే పేజీ పెట్టుకున్నా తప్పు లేదు, లోపల రెండు చిన్న శీర్షికలు ఇస్తే చాలు.

4. చీటీ మూడు వరుసల్లో రాయండి

మొదటి వరుసలో విడుదల చేసిన పాలన పేరు, దాని కాలం. రెండో వరుసలో ఈ స్టాంపు ఏడాది, విలువ. మూడో వరుసలో ఇప్పుడు ఆ నేల ఎక్కడుందో.

బర్మా, బ్రిటిష్ వలస (1937–1942, 1945–1948)
1938, 1 అణా
ఇప్పుడు: మయన్మార్

మూడో వరుసకు "ఇప్పుడు" అన్న మాట తప్పకుండా పెట్టండి. ఆ మాట లేకపోతే చూసేవాళ్ళు రెండు దేశాల పేర్లు చదివి ఏది నిజమని అడుగుతారు.

చోటు లేకపోతే రెండో వరుస వదిలేయండి, మొదటిదీ మూడోదీ ఉండాలి. ఆల్బమ్ పేజీ మీద నేరుగా రాయాల్సి వస్తే పెన్సిల్‌తోనే రాయండి. పెన్ను సిరా మన వానాకాలపు తేమకు పక్క పేజీకి అంటుకుంటుంది. సెల్లోటేపు అసలు వద్దు, కొన్నేళ్ళకు పసుపు మరక పడుతుంది.

5. పేరు అదే, పాలనో సరిహద్దో మారితే

అసలు చిక్కు ఇక్కడుంది. పేరు మారితే కంటికి కనిపిస్తుంది. పేరు మారకుండా దేశం మారితే ఎవరూ గమనించరు.

జర్మనీ స్టాంపుల మీద 1902 నుంచి 1943 దాకా "డాయిచెస్ రైష్" అన్న ఒకే పేరు ఉంది. ఆ కాలంలోనే కైజర్ ఉన్నాడు, 1918 నవంబర్ తర్వాత వైమార్ రిపబ్లిక్ (చక్రవర్తి పోయాక వచ్చిన ప్రజా ప్రభుత్వం) ఉంది, 1933 జనవరి 30 తర్వాత హిట్లర్ ఉన్నాడు. మూడూ ఒకే పేజీలో పడితే చూసే పిల్లవాడికి ఆ నలభై ఏళ్ళలో ఏమీ జరగనట్టే ఉంటుంది. పైన ఒకే శీర్షిక ఉంచి, కింద కాలాన్ని బట్టి మూడు భాగాలు చేయండి. 1923లో ధరలు ఆకాశానికి అంటినప్పుడు ఒక్క స్టాంపు ముఖ విలువ 5,000 కోట్ల మార్కుల దాకా వెళ్ళింది. అవి మీ దగ్గరుంటే వైమార్ భాగంలో పెట్టండి. ఆ పేజీ దగ్గర పిల్లలు ఆగిపోతారు.

యుగోస్లావియాది ఇంకో రకం. 1991, 1992లలో స్లోవేనియా, క్రొయేషియా, బోస్నియా, మాసిడోనియా వెళ్ళిపోయాక మిగిలిన సెర్బియా, మాంటెనెగ్రో అదే పేరును 2003 దాకా వాడుకున్నాయి. పేరు ఒకటే, నేల సగం కూడా లేదు. చీటీ మీద "యుగోస్లావియా, సెర్బియా-మాంటెనెగ్రో మాత్రమే (1992–2003)" అని రాయండి.

పాకిస్తాన్‌లో 1971 సరిహద్దు గీత, ఆ ఏడాదే తూర్పు పాకిస్తాన్ విడిపోయి బంగ్లాదేశ్ అయింది. దానికి ముందరి చాలా స్టాంపుల మీద ఉర్దూతో పాటు బెంగాలీ అక్షరాలు కనిపిస్తాయి, భూతద్దం పెట్టి చూడండి. మూడో వరుసలో "ఇప్పుడు: పాకిస్తాన్, బంగ్లాదేశ్" అని రెండూ ఉండాలి. ఒక్క పాకిస్తాన్ రాస్తే సగం జనాన్ని వదిలేసినట్టే.

6. అచ్చు మీద అచ్చు ఉంటే

పాత స్టాంపు మీద మళ్ళీ వేరే అక్షరాలు అచ్చువేస్తే దాన్ని ఓవర్‌ప్రింట్ అంటారు. కొత్త ప్రభుత్వానికి సొంత స్టాంపులు అచ్చు వేసుకునే వ్యవధి లేనప్పుడు చేసే పని ఇది. ఇక్కడ నియమం సూటిగా ఉంటుంది: పైన అచ్చయిన పేరే లెక్క. 1947 అక్టోబర్‌లో పాకిస్తాన్ అమ్మినవి ఆరో జార్జి ఇండియా స్టాంపులే, వాటి మీద "పాకిస్తాన్" అని ఓవర్‌ప్రింట్ ఉంది. అవి పాకిస్తాన్ పేజీలోకి వెళ్తాయి. అలాగే పటియాలా, గ్వాలియర్, నాభా, జీంద్, చంబా పేర్లు అచ్చయిన ఇండియా స్టాంపులు ఆయా సంస్థానాలవి.

ఓవర్‌ప్రింట్‌లోనే దొంగ సరుకు ఎక్కువ. పాకిస్తాన్ స్టాంపుల మీద రబ్బరు ముద్రతో "బంగ్లా దేశ్" అని కొట్టినవి 1971 చివర, 1972లో వచ్చాయి. అలాంటి రబ్బరు ముద్ర ఎవరైనా చేయించుకోగలరు. కాబట్టి అవి ముందు "అనుమానం" కవర్‌లోకే పోవాలి. తెలిసినవాళ్ళకు చూపించాకే పేజీ మీదికి రావాలి. బంగ్లాదేశ్ సొంత మొదటి వరుస అది కాదు. 1971 జూలై 29న, యుద్ధం ఇంకా ముగియకముందే, ముజీబ్‌నగర్ ప్రభుత్వం (బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వం) ఎనిమిది స్టాంపులు విడుదల చేసింది. వాటిలో "బంగ్లా దేశ్" అని రెండు మాటలుగా ఉంటుంది.

సైన్యాలు ఆక్రమించుకున్నప్పుడు వేసినవాటికి చీటీలో "ఆక్రమణ" అన్న మాట రాయండి: "బర్మా, జపాన్ ఆక్రమణ (1942–1945)". జపాన్ అని ఒక్కటే రాయకూడదు, బర్మా అని ఒక్కటే రాసినా చాలదు.

7. మన దగ్గరివి: నిజాం, యానాం, రంగూన్

హైదరాబాద్ సంస్థానం 1869లో మొదటి స్టాంపు వేసింది. 1948 సెప్టెంబర్‌లో ఇండియాలో కలిసింది. ఆ స్టాంపుల స్థానంలో ఇండియా స్టాంపులు 1950 ఏప్రిల్ 1న వచ్చాయి. కొన్నిటి మీద తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. ఆ చిన్న అక్షరాలను భూతద్దంలో మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

వీటిని "ఇండియన్ సంస్థానాలు" అన్న విభాగంలో, హైదరాబాద్ పేరుతో పెట్టండి. "తెలంగాణ" అని రాయకండి. 1931 వరుసలో చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్ సాగర్‌తో పాటు అజంతా గుహలు, బీదర్ మదర్సా కూడా ఉన్నాయి. అజంతా ఇప్పుడు మహారాష్ట్రలో, బీదర్ కర్ణాటకలో ఉన్నాయి. మూడో వరుస ఇలా రావాలి: "ఇప్పుడు: తెలంగాణ, మహారాష్ట్రలోని మరాఠ్వాడా, కర్ణాటకలోని ఈశాన్య జిల్లాలు".

నిజాం నాణేల మీద హిజ్రీ (ఇస్లామీ క్యాలెండర్) ఏడాది ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలపండి. 1365కి లెక్క వేస్తే 1946 వస్తుంది. ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు. చార్మినార్ బొమ్మ వాకిట్లో ఉన్న ఉర్దూ అక్షరం కూడా చూడండి. "మీమ్" ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలం, "ఐన్" ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం, అంటే 1911 తర్వాత.

యానాం స్టాంపులని విడిగా ఏవీ లేవు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చందర్‌నగర్‌లతో పాటు యానాంలోనూ ఫ్రెంచి ఇండియా స్టాంపులే వాడారు. 1892 నుంచి అవి ఉన్నాయి. విలువ ఫనాన్, కాష్ (అక్కడి డబ్బు) లెక్కల్లో ఉంటే 1923 తర్వాతవి. యానాంలో వాడినదని చెప్పడానికి తపాలా ముద్ర ఒక్కటే ఆధారం. 1954 నవంబర్ 1న పాలన ఇండియా చేతికి వచ్చింది, చట్టప్రకారం బదిలీ 1962 ఆగస్టు 16న పూర్తయింది. చీటీ మీద కాలాన్ని 1954తో ముగించండి, స్టాంపులు నడిచింది అప్పటిదాకానే.

ఇక రంగూన్. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలాది కుటుంబాలు అక్కడికి పనికి వెళ్ళాయి. వాళ్ళు ఇంటికి రాసిన ఉత్తరాలు ఇప్పటికీ కొన్ని ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. 1937కి ముందరివైతే స్టాంపు ఇండియాది, ముద్ర రంగూన్‌ది. "బ్రిటిష్ ఇండియా, బర్మాలో వాడినది (రంగూన్)" అని రాయండి. ఏడెన్‌లో (ఇప్పుడు యెమెన్‌లో ఉన్న రేవు) వాడిన ఇండియా స్టాంపులకూ ఇదే పద్ధతి, అదీ బర్మా విడిపోయిన రోజునే ఇండియా నుంచి విడిపోయింది.

8. వరుస పెట్టడం

పేజీలను పాత పేర్ల అక్షరక్రమంలో పెట్టండి. కొత్త పేరుతో వెతికేవాళ్ళ కోసం ఒక్కో ఖాళీ చీటీ పెట్టండి: "మయన్మార్: 1989కి ముందరివాటికి బర్మా చూడండి". ఇంకో దారి కూడా ఉంది. ఇప్పటి దేశం కింద అన్ని కాలాలనూ వరుసగా పెట్టుకోవచ్చు. శ్రీలంక లాంటి దేశాలకు ఇది హాయిగా ఉంటుంది. సోవియట్ యూనియన్‌కు మాత్రం కుదరదు, ఎందుకంటే ఒక స్టాంపును పదిహేను దేశాల్లో పెట్టలేం.

ఎక్సెల్‌లో రాసేవాళ్ళు రెండక్షరాల దేశ సంకేతాల మీద ఆధారపడకండి. "సీఎస్" అన్న సంకేతం మొదట చెకోస్లోవేకియాది, తర్వాత 2003 నుంచి కొన్నేళ్ళు సెర్బియా-మాంటెనెగ్రోది. సంకేతం పక్కన "మొదలు", "ముగింపు" అని రెండు గడులు పెట్టి ఏడాది రాయండి.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికంటే పెద్దది, పాత చీటీ కొట్టేసి కొత్త పేరు రాయడం. "సిలోన్" అని తాతగారు రాసినది తప్పు కాదు, అది అలాగే ఉండనివ్వండి. కింద మూడో వరుస చేర్చండి చాలు.

దేశం పేరుకు బదులు రాజధాని పేరు, వలస పాలకుల పేరు రాయడం ఇంకొకటి. బెల్జియన్ కాంగోను బెల్జియంలో పెట్టినవాళ్ళను చూశాను. కాలం రాసేటప్పుడు నడుమ ఖాళీని మింగేయడం కూడా మామూలే. చెకోస్లోవేకియాకు 1918–1992 అని ఒక్క గీతతో రాస్తే యుద్ధకాలం కనపడకుండా పోతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

పని అయ్యాక ఎక్కడెక్కడివో పది చీటీలు తీసి మూడు ప్రశ్నలు వేసుకోండి. స్టాంపు ఏడాది మొదటి వరుసలోని కాలంలో పడుతోందా? స్టాంపు మీది డబ్బు ఆ పాలనలో వాడినదేనా? మూడో వరుసలోని దేశాలు అన్నీ వచ్చాయా? పదిలో రెండు తప్పితే మొత్తం మళ్ళీ చూడాలి.

తర్వాత ఇంట్లో స్టాంపుల గురించి తెలియని ఒకరికి ఆల్బమ్ ఇచ్చి "తూర్పు జర్మనీ ఎప్పుడు ముగిసింది?" అని అడగండి. మీరు నోరు విప్పకుండా వాళ్ళు చీటీ చూసి చెప్పగలగాలి.

తేలనివాటికి టెన్షన్ పడకండి. పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టి కవర్‌లో ఉంచండి. ఊహించి రాసిన పేరు కంటే ప్రశ్న గుర్తు మేలు, దాన్ని చూసి ఇంకొకరు సరిచేస్తారు.

ఒక్క మాట మాత్రం పని మొదలుపెట్టకముందే గుర్తుంచుకోండి. పాత కవర్ల మీద స్టాంపులను నీళ్ళలో నానబెట్టి ఊడదీయకండి. పన్నెండేళ్ళ వయసులో మా బంధువుల ఇంట్లో దొరికిన రంగూన్ ఉత్తరాల స్టాంపులన్నీ నేను అలాగే తీశాను. ముద్రలు సగం కవర్‌తో పోయాయి, కవర్లు పారేశాం. ఆ స్టాంపులు ఇప్పుడు మామూలు ఇండియా పేజీలో ఉన్నాయి. వాటిలో బర్మా నుంచి వచ్చినవి ఏవో చెప్పే దారి లేదు. మీకు అలాంటి కవర్ దొరికితే కవర్‌గానే ఉంచి, పక్కన చీటీ పెట్టండి.